ఆరు పెట్టెల దూరంలో దీవి

ఏన్కూరు సెంటర్లో పురుగుమందుల షాపుకు వచ్చే రైతు చేతిలో చీటీ ఉండదు, మిరప రెమ్మ ఉంటుంది. తెల్లారి చేలో తుంచి, పాలిథిన్ కవర్లో చుట్టి తెచ్చి, కౌంటర్ మీద పెట్టి నిలబడతాడు. షాపువాళ్ళు ఆకు మడిచి చూస్తారు, పువ్వు విప్పి చూస్తారు, వెనక్కి తిరిగి ఒక సీసా తీసి ఇస్తారు. ఆ సీసా మీద ఏం రాసుందో రైతు చదవడు. నిజం చెప్పుకోవాలంటే షాపువాళ్ళూ చదవరు. రెమ్మకీ సీసాకీ మధ్య నడిచేవి నాలుగే మాటలు. ఆ నాలుగు మాటల మీదే ఆ అడవి అంచు ఊళ్ళలో వేల ఎకరాల మిరప నిలబడి ఉందంటే బయటివాళ్ళు నోరు వెళ్ళబెడతారు గాని, అక్కడ ఎవరికీ అందులో వింత కనపడదు.

పద్మప్రియ పందొమ్మిదేళ్ళుగా ఆ రెమ్మలు చూస్తోంది. మామగారు బసవపున్నయ్య గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ పొలం కొన్నాడు, పొలం కుదురుకున్నాక షాపు పెట్టాడు. అది కొడుకు జయప్రకాశ్ చేతికొచ్చింది, కాపురానికొచ్చిన కోడలు ఏడాది తిరక్కుండానే కౌంటర్ దగ్గరికొచ్చింది. పురుగుకు ఆదివారం లేదు, అందుకని షాపుకూ లేదు. పెళ్ళైన కొత్తలో భద్రాచలం వెళ్ళొస్తేనే ఇద్దరు రైతులు ఇంటికొచ్చి అలిగి కూర్చున్నారు. ఈ పందొమ్మిదేళ్ళలో ఆమె నగలు కోరలేదు, మేడ కోరలేదు. ఎవరూ తన ముందు రెమ్మ పెట్టని ఒక్క రోజు ఎక్కడైనా కూర్చోవాలని మాత్రం కోరుకుంది.

అలాంటి రోజు తాహితీలో దొరికేట్టు కనపడింది. మందుల కంపెనీలు డీలర్లను టూర్లకు తీసుకెళ్ళడం ఆ వ్యాపారంలో మామూలే. బ్యాంకాక్ అయింది, బాలి అయింది, ఈసారి ఏ మహానుభావుడికి తోచిందో గాని పసిఫిక్ సముద్రం నట్టనడుమ ఉన్న ఈ తాహితీ దీవి అన్నారు. జనవరి ముప్పై ఒకటి సాయంత్రానికి ఒక నూనె మందు మూడు వందల పెట్టెలు అమ్మిన డీలరు భార్యాభర్తలు ఇద్దరూ వెళ్ళొచ్చు. నల్ల తామర పురుగు మీద పనిచేస్తుందని చెప్పే మందు అది. కంపెనీ పెట్టిన పేరు నోరు తిరక్క అందరూ నూనె మందు అనే అనేవారు.

హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదివే కూతురు దీపిక అప్పట్నుంచీ తల్లికి ఫోన్లోనే పాఠాలు మొదలుపెట్టింది. ఆ దీవి ఫ్రాన్సు వాళ్ళది కాబట్టి వీసా వాళ్ళ దగ్గరే తీసుకోవాలి. సింగపూర్‌లో మారి, ఆక్లాండ్‌లో మారి, పొద్దంతా ఎగిరితే గాని రాదు. అన్నిటికన్నా పద్మప్రియకు నచ్చిన ముక్క వేరే ఉంది. మంగళవారం ఆక్లాండ్‌లో విమానం ఎక్కితే సోమవారం దిగుతారట. అయిపోయిన రోజు మళ్ళీ వస్తుందన్నమాట. ఆ మాట మామగారితో చెబితే ఆయన కాసేపు ఆలోచించి, అక్కడ మిరప పండుద్దా అని అడిగాడు.

జనవరి ముప్పై ఒకటి పొద్దున్నకి ఇంకా ఆరు పెట్టెలు తక్కువున్నాయి. వీసాకు ఏదో కాగితం తగ్గిందని పిలిస్తే జయప్రకాశ్ తెల్లవారుజామునే హైదరాబాద్ బయల్దేరాడు. పోతూ పోతూ, ఇవాళ వచ్చిన ప్రతి రెమ్మకీ నూనె మందే ఇవ్వమని పెళ్ళానికి మరీ మరీ చెప్పి వెళ్ళాడు. పదిన్నరకి ధన్‌సింగ్ వచ్చాడు.

ధన్‌సింగ్‌ది బోడగుట్ట తండా, అడవిలో పదిహేడు కిలోమీటర్లు లోపలికి. అరవై దాటిన మనిషి. పద్దెనిమిది ఇళ్ళ తండాలో ఆయన ఏ మందు కొడితే అందరూ అదే కొడతారు. ముందు ఆయన చేలో కొట్టాకే మిగతావాళ్ళు పంపు భుజాన వేసుకుంటారు. అది ఎవరు పెట్టిన కట్టుబాటో తెలియదు గాని, అలా అచ్చొచ్చింది. అలాంటి మనిషి కౌంటర్ మీద రెమ్మ పెట్టగానే పద్మప్రియ మనసులోనే లెక్క కట్టింది. పద్దెనిమిది ఇళ్ళు, అరవై ఎకరాలు. ఎకరానికో సీసా, పెట్టెకు పది సీసాలు.

ఆ క్షణంలోనే చేతిలో ఫోన్ మోగి దీపిక పంపిన వీడియో వచ్చింది. నీళ్ళ మీద గుంజలు పాతి కట్టిన గుడిసెలు, వాటి కింద ఆకుపచ్చా నీలమూ కలిసిన నీళ్ళు. ఆమె ఒక కన్ను దాని మీదా ఒక కన్ను రెమ్మ మీదా వేసింది. పువ్వు విప్పితే నల్ల తామర పురుగు చీమల్లాగా పాకుతోంది. నూనె మందు అని పెట్టెలు చూపించింది. ధన్‌సింగ్ తల ఊపి, ఎప్పటిలాగే అడగవలసింది అడిగాడు.

“నాలుగు దినాల కింద బూడిద తెగులుకని గంధకం కొట్టినం అమ్మా, తండా అంతా. దాని మీద ఇది కొడితే ఏమన్న అయితదా?”

“ఏం కాదులే అన్నా, కొట్టుకోండి.”

ఆ గంధకం ఇచ్చింది కూడా ఆమె చేతులే. ఆరు పెట్టెలూ ఆటోలో ఎక్కాయి. ఒక్కో సీసా కోడ్ ఫోన్లో కంపెనీ యాప్‌లో కొట్టేసరికి తెర మీద రంగు కాగితాలు రాలి, మూడు వందలు పూర్తయ్యాయని అభినందనలు వచ్చాయి.

మధ్యాహ్నం దాకా ఆమె కాళ్ళు నేల మీద లేవు. కంపెనీ తరఫున ఆ మండలం చూసే సతీష్ ఫోన్ చేసి, జిల్లాలో దీవికి పోయే జంటల్లో మొదటి పేరు మీదే మేడమ్ అన్నాడు. జయప్రకాశ్ వీసా ఆఫీసు బయట నిలబడి నవ్వాడు. అతను అంత హాయిగా నవ్వడం ఆమె విని ఎన్నాళ్ళయిందో. అన్నం తిన్నాక, రైతులు పలచబడ్డ సమయంలో, ఆమె కౌంటర్ మీదే ప్రయాణం సామాన్లు పరిచింది. పగడపు రాళ్ళు కాళ్ళు కోస్తాయని దీపిక కొనిపించిన రబ్బరు చెప్పులు, ఎండకు రాసుకునే క్రీము గొట్టం, అక్కడి హోటల్ పంపిన నిబంధనల కాగితం. కొన్ని రకాల క్రీములు సముద్రంలో పగడాలను చంపుతాయనీ, అవి ఉన్న గొట్టం తేవద్దనీ అందులో రాసుంది. కొన్న క్రీములో అవి ఉన్నాయేమో వెనక చదివి చూడమని కూతురు నాలుగుసార్లు చెప్పింది.

పద్మప్రియ మామగారి భూతద్దం తీసుకుని ఆ చిన్న అక్షరాలు పేరు పేరునా చదివింది. చదువుతుంటే ఆమెకే నవ్వొచ్చింది. పందొమ్మిదేళ్ళుగా విషం అమ్ముతూ ఒక్క సీసా వెనకా ఇంత శ్రద్ధగా చూడలేదు కదా అనిపించింది. ఆ నవ్వుతోనే, పక్కన మచ్చుకు పెట్టిన నూనె మందు సీసా తిప్పి భూతద్దం పెట్టింది. ఏడో వరుసలో తెలుగులోనే ఉంది. గంధకం చల్లిన పంటపై మూడు వారాల వరకు వాడరాదు. ఆకు మాడి, పూత, పిందె రాలిపోవును.

ఆమె మళ్ళీ చదివింది. ఆ అక్షరాలు మారలేదు. అన్నా అని పిలిచి, ఏం కాదులే అని, అరవై ఎకరాల పూత రాలగొట్టే సీసాలు తన చేత్తో ఆటో ఎక్కించింది. ఇప్పుడున్నది రెండో కాపు పూత. మొదటి కాపు పురుగు తిన్నది తినగా మిగిలింది కూలీలకే సరిపోయింది, ఆ తండా బతుకంతా ఇక ఈ పూత మీదే ఉంది.

గడియారం రెండూ పదైంది. ఎండ తగ్గాక, నాలుగింటికి మొదలుపెడతామని ధన్‌సింగ్ చెప్పినట్టు గుర్తు. ఫోన్ చేస్తే అందుబాటులో లేడని వచ్చింది. బోడగుట్టలో సిగ్నల్ ఉండదు, అటవీ చెక్‌పోస్టు దాటితే ఎవరి ఫోనైనా అంతే. సతీష్‌కు చేసింది. లేబుల్ మీద కంపెనీవాళ్ళు తమ జాగ్రత్త కోసం చాలా రాస్తారని, అన్నీ పట్టించుకుంటే మందులు అమ్మలేమని అతను తేలిగ్గా కొట్టిపారేశాడు. పూత రాలదని హామీ ఇస్తావా అంటే మాత్రం, మీటింగులో ఉన్నానని పెట్టేశాడు. అప్పుడు మొగుడికి చేసింది.

జయప్రకాశ్ అరవలేదు. ఆమె చెప్పిందంతా విని, మెల్లగా మాట్లాడాడు.

“చూడు పద్మా, తామర పురుగు పడ్డ చేలో పూత ఎట్లాగూ రాలుద్ది. మందుకి రాలిందో పురుగుకి రాలిందో ఎవడూ చెప్పలేడు. వాళ్ళే పురుగును తిట్టుకుంటారు. ఆ పెట్టెలు వాపస్ తెచ్చావంటే మాత్రం టూరు పోయినట్టే. నువ్వు గమ్మున కూర్చో, నేను పొద్దుగూకేసరికి వస్తా.”

అతను చెప్పినదాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు. అదే ఆమెను భయపెట్టింది. దొరికిపోతామన్న భయం ఉంటే మనిషి సగం దారి ఆ భయంతోనే నడుస్తాడు. ఇక్కడ అదీ లేదు. పూత రాలుతుంది, తండా పురుగును తిడుతుంది, తనేమో నీళ్ళ మీద గుడిసెలో కూర్చుని ఉంటుంది. పద్మప్రియ కౌంటర్ దగ్గర పది నిమిషాలు కదలకుండా కూర్చుంది. ఆ పది నిమిషాల్లో వెళ్ళకుండా ఉండిపోదామనే అనుకుంది. ఈ సంగతి ఆమె తర్వాత ఎవరికీ చెప్పలేదు గాని, కథ చెప్పేవాళ్ళు దాచకూడదు.

వెనక గదిలో మంచం మీద పడుకున్నాడనుకున్న బసవపున్నయ్య లేచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఫోన్లో మాటలన్నీ ఆయన చెవిన పడినట్టే ఉన్నాయి.

“ధన్‌సింగ్ నిన్ను అడిగాడా?” అన్నాడు.

“అడిగాడు మావయ్యా.”

“నువ్వేమన్నావు?”

“ఏం కాదన్నాను.”

ముసలాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, కోడలు లేచేదాకా నిలబడి, ఆమె కుర్చీలో తను కూర్చున్నాడు. “బండి తాళాలు మేకుకున్నయ్” అన్నాడు.

స్కూటీ మీద ఆమె ఎప్పుడూ బడికీ బజారుకీ తప్ప పోయింది లేదు. రోడ్డు ఉన్నంతవరకు మెడ ముందుకు పెట్టి తోలింది. చెక్‌పోస్టు దగ్గర వెదురు లోడు ట్రాక్టరు అడ్డంగా ఆగి ఉంది. గార్డు కాగితాలు చూస్తూ, డ్రైవర్‌తో బేరమాడుతూ తీరిగ్గా ఉన్నాడు. ఆమె హారన్ కొట్టింది, బతిమాలింది, చివరికి బండి దిగి తనే గేటు కర్ర ఎత్తబోతే గార్డు విసుక్కుంటూ పక్కనుంచి వదిలాడు. అప్పటికి పన్నెండు నిమిషాలు పోయాయి. ఫోన్లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే తగ్గి ఆరిపోయాయి.

అక్కణ్ణుంచి ఎర్రమట్టి దారి. రెండు వైపులా టేకు ఆకులు రాలి ఎండి, చక్రాల కింద అప్పడాల్లా విరుగుతున్నాయి. మంగళవారం ఎక్కితే సోమవారం దిగుతారన్న కూతురి మాట ఆమె తలలో తిరుగుతూనే ఉంది. ఆమెకు రోజంతా అక్కర్లేదు. ఇవాళ పొద్దున పదిన్నర, ఆ ఒక్క ప్రశ్న, అంతవరకు వెనక్కి పోతే చాలు. వాగు దగ్గర నీళ్ళు మోకాలి లోతే అయినా ఇసుకలో చక్రం దిగబడి బండి పక్కకి ఒరిగింది. కాలు బండి కింద పడి చీరుకుంది. పళ్ళు బిగపట్టి బండి లేపి, తోసుకుంటూ అవతలి గట్టుకు చేర్చి, మళ్ళీ స్టార్ట్ చేస్తే మూడుసార్లు దగ్గి నాలుగోసారి అందుకుంది. టైము మూడున్నర. ఇంకా అరగంట ఉంది కదా అని ఊపిరి పీల్చుకుంది. ఆ ఊపిరితోనే వాసన లోపలికి పోయింది. ఘాటైన నూనె మందు వాసన. మొదలుపెట్టేశారు.

ధన్‌సింగ్ తొందరపడ్డది తండా కోసమే. తను రెండున్నరకే మొదలుపెట్టి ముగిస్తే నాలుగింటికి మిగతావాళ్ళు మొదలుపెట్టొచ్చని లెక్క. చేను గట్టు మీద పది పన్నెండు మంది పంపులు నింపుకుని వరుస కట్టి కూర్చున్నారు. చేలో ఆయన ఒక్కడే, మూతికి తువ్వాలు చుట్టుకుని, వీపున తైవాన్ పంపు ఇంజను మోగుతుంటే వెనక్కి తిరగకుండా సాళ్ళ వెంట నడుస్తున్నాడు. పద్మప్రియ గట్టు మీదనుంచి పిలిచింది. ఇంజను మోతలో ఆయనకు వినపడలేదు. గట్టు మీది వాళ్ళు షాపమ్మ ఇక్కడికెందుకు వచ్చిందా అని లేచి నిలబడ్డారు. ఆమె ఎవరికీ జవాబు చెప్పకుండా చేలో దిగి, మొక్కల్ని తప్పించుకుంటూ పరిగెత్తి, ఆయన ముందుకు పోయి పిచికారీకి అడ్డంగా నిలబడింది. మందు తుంపర ముఖం మీదా ఒంటి మీదా పడింది. ధన్‌సింగ్ ఉలిక్కిపడి ఇంజను ఆపాడు.

“ఆపన్నా. ఇది కొట్టకూడదు. గంధకం మీద ఇది పడితే పూత రాలుద్ది. నేను పొద్దున తప్పు చెప్పాను.”

ధన్‌సింగ్ తువ్వాలు కిందికి లాగాడు. ఆమె ముఖం చూడలేదు. కొట్టిన సాళ్ళకేసి చూశాడు. ఆకులు నూనెతో తళతళ మెరుస్తున్నాయి. ఎకరంన్నర అయింది.

“నేను అడిగిన గదా అమ్మా” అన్నాడు.

“అడిగావు. నేను వినలేదు.”

ఈలోగా గట్టు మీది వాళ్ళు చుట్టూ చేరారు. ధన్‌సింగ్ కొడుకు బలరాం మణుగూరు గనుల్లో ఆపరేటరు, మందు కొట్టే రోజని సెలవు పెట్టుకుని వచ్చాడు. అతనికి విషయం అర్థమయ్యేసరికి కళ్ళు ఎర్రబడ్డాయి. చదువుకున్నోళ్ళు, షాపు పెట్టుకున్నోళ్ళు, నాలుగు దినాల కింద మీరిచ్చిన మందే మీకు యాదిలేదా అని మీద మీదకి వచ్చాడు. ఆమె ఒక్క అడుగు కూడా వెనక్కి వేయలేదు. ధైర్యం కాదు అది, కాళ్ళు కదలలేదు. బలరాం జేబులోంచి ఫోన్ తీసి ఆమె ముఖానికి ఎదురుగా పెట్టాడు.

“మళ్ళా చెప్పుండ్రి. షాపు పేరు, మీ పేరు, తప్పెవరిదో. రేపు పంట పోతే ఇదే చూపిస్త.”

ఈ వీడియో ఒక్కసారి బయటికి పోతే షాపుకు తాళమే. అది ఆమెకు తెలుసు, అతనికీ తెలుసు. అయినా షాపు పేరు చెప్పింది, తన పేరు చెప్పింది, ధన్‌సింగ్ అడిగితే ఏం కాదని తనే చెప్పానని, తప్పు తనదేనని చెప్పింది. బలరాం ఫోన్ దించబోతుండగా ధన్‌సింగ్ మెల్లగా, అంత పరధ్యానం ఏంది అమ్మా, ఇంట్ల ఏమన్న బాధనా అని అడిగాడు. అక్కడ ఒక అబద్ధం ఆడి ఉంటే సరిపోయేది. పిల్లకి జ్వరమంటే నమ్మేవాళ్ళు. ఆమెకు ఆ మనిషి ముందు రెండో అబద్ధం నోట రాలేదు.

“సముద్రంలో ఒక దీవి ఉందన్నా. ఈ మందు మూడు వందల పెట్టెలు అమ్మితే అక్కడికి పంపిస్తామన్నారు. ఆరు తక్కువున్నయ్. నువ్వు అడిగినప్పుడు నేను ఆ దీవిని చూస్తున్నా.”

బలరాం ఫోన్ ఇంకా పైనే ఉంది. ధన్‌సింగ్ భార్య మోతీ నీళ్ళ బిందెతో అక్కడే నిలబడి ఉంది. బిందె దించి, పద్మప్రియను కింది నుంచి మీది దాకా చూసింది. చీరుకున్న కాలు, మందు కారుతున్న జుట్టు.

“గా దీవిల ఏముంటదమ్మా?” అని అడిగింది.

పద్మప్రియ నీళ్ళుంటయ్ అంది.

“ఇగ పోతరా?”

“పోను.”

మోతీ పక్కనున్న ఆడవాళ్ళతో తమ భాషలో గబగబా ఏదో చెప్పింది. వాళ్ళు బిందెలు అందుకుని వాగు వైపు నడిచారు. నూనె ఆరకముందే మంచినీళ్ళు కొట్టి కడిగితే కొంతైనా దక్కొచ్చని ధన్‌సింగ్‌కు తోచింది. పంపులన్నీ ఒంపేసి కడిగి, ఉత్త నీళ్ళు నింపి పదిమందీ చేలో దిగారు. పద్మప్రియ కూడా ఒక బిందె అడిగి తీసుకుంది. వాగు నుంచి చేనుకు, చేను నుంచి వాగుకు, ఎన్నిసార్లు తిరిగిందో లెక్క లేదు. ఎవరూ ఆమెను వద్దనలేదు, ఎవరూ మెచ్చుకోలేదు. పొద్దు గుట్ట మీదికి దిగేసరికి ఎకరంన్నర తడిసి ముద్దయింది. మిగిలిన సీసాలు పెట్టెల్లో సర్ది ఆటోలో ఎక్కించి ఆమె బండి వెనకే పంపారు.

చెక్‌పోస్టు దగ్గర సిగ్నల్ రాగానే ఫోన్ కిచకిచలాడింది. మొగుడి ఫోన్లు పదకొండు. సతీష్ నుంచి ఒక మెసేజ్. సరుకు వాపస్ తెచ్చుకున్నా పర్వాలేదు మేడమ్, యాప్‌లో వాపస్ ఎంట్రీ మాత్రం రేపు చేయండి, ఇవాళ వద్దు, టూరుకు ఇబ్బంది ఉండదు అని రాశాడు. పాపం మంచికే రాశాడు. అంత సులువైన దారి ఉంటుందని ఆమెకు తట్టనే లేదు. ఒక్క రోజు ఆగితే తండా పంటా దక్కుతుంది, దీవీ దక్కుతుంది. పద్మప్రియ బండి స్టాండు వేసి చాలాసేపు ఆ మెసేజ్ చూసింది. కళ్ళ నిండా నీళ్ళొచ్చాయి. ఇష్టమైనది చేతిలోంచి పోతుంటే ఎవరికైనా వస్తాయి, అందులో సిగ్గుపడేదేమీ లేదు. మోతీ అడిగినప్పుడు పోను అని ఎవరూ బలవంతపెట్టకుండానే చెప్పింది. అక్కడే నిలబడి, వెనకే వచ్చి ఆగిన ఆటోలోని సీసాలు ఒక్కొక్కటిగా వాపస్ కింద యాప్‌లో ఎక్కించింది. ఈసారి తెర మీద రంగు కాగితాలు రాలలేదు.

జయప్రకాశ్ ఆ రాత్రి ఏమీ అనలేదు, తర్వాత ఐదు రోజులూ ఏమీ అనలేదు. కొత్త సూట్‌కేసులు రెండూ అటక మీదికి ఎక్కించేశాడు. బలరాం దగ్గర వీడియో ఉందని తెలిశాక మాత్రం అన్నం సరిగ్గా తినడం మానేశాడు. షాపు ముందు ఏ బైకు ఆగినా తల ఎత్తి చూసేవాడు. పద్మప్రియకు మాత్రం ఒకటే దిగులు, ఆ ఎకరంన్నర ఏమైందో అని. తలంటు పోసుకున్నా జుట్టులోంచి ఆ నూనె వాసన పోలేదు.

ఆరో రోజు పొద్దున ధన్‌సింగ్ వచ్చాడు. షాపులో అప్పటికే ముగ్గురు రైతులు తమ రెమ్మలతో నిలబడి ఉన్నారు. ఆయన ఎవరినీ తోసుకోకుండా తన వంతు వచ్చేదాకా ఆగి, కవర్ విప్పి రెమ్మ కౌంటర్ మీద పెట్టాడు. ఆకు అంచులు నిప్పు తగిలినట్టు మాడి ఉన్నాయి. పూత సగం లేదు. కొసన మాత్రం రెండు పిందెలు, పచ్చగా, నిలబడి ఉన్నాయి. కడిగిన చోట కొంత దక్కిందనీ, తండాలో మిగతా చేలు బాగానే ఉన్నాయనీ చెప్పాడు. వీడియో మాట ఎత్తలేదు.

జయప్రకాశ్ అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి అరమీదికి చెయ్యి చాచాడు. ధన్‌సింగ్ అతని వైపు చూడలేదు.

“దీనికేం మందు అమ్మా?” అని పద్మప్రియను అడిగాడు.

ఆమె రెమ్మ చేతిలోకి తీసుకుంది. ఆకు తిప్పి చూసింది, పిందె పట్టి చూసింది. పందొమ్మిదేళ్ళలో ఆ కౌంటర్ అవతల నుంచి ఎన్నో అబద్ధాలూ కొన్ని నిజాలూ చెప్పారు గాని, ఈ మాట మాత్రం ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

“నాకు తెలియదన్నా.”

ఈలోగా వెనక చేరిన రైతుల్లో ఒకతను తన రెమ్మ కవర్లో పెట్టుకుని ఎదురు షాపుకు నడిచాడు. జయప్రకాశ్ అతన్ని చూశాడు, పెళ్ళాన్ని చూశాడు, అరమీద నుంచి చెయ్యి కిందికి దించాడు. వైరాలో పంటల శాస్త్రవేత్తలు ఉన్నారని, ఈ రెమ్మ తీసుకుని ఇద్దరం ఇప్పుడే పోదామని పద్మప్రియ ధన్‌సింగ్‌తో చెప్పింది. వాళ్ళు అన్నీ అడుగుతారు, ఏ రోజు ఏం కొట్టారో మొదట్నుంచీ నాకోసారి చెప్పమంది.

ధన్‌సింగ్ ఆమె చేతిలో వెలుగుతున్న ఫోన్ వంక చూశాడు. ఆయన గొంతులో ఎత్తిపొడుపు లేదు, నిజంగానే అడిగాడు.

“ఈసారి వింటరా అమ్మా?”

పద్మప్రియ ఫోన్ తీసి సొరుగులో పెట్టి, సొరుగు మూసింది. స్టూలు లాగి ఆయన్ని కూర్చోమని, తనూ ఎదురుగా కూర్చుంది. ధన్‌సింగ్ గొంతు సవరించుకుని, నారు పోసిన రోజు నుంచి మొదలుపెట్టాడు.